అమ్మ సబ్బు, పాస్టరుగారి కన్నీళ్లు

సబ్బన్నాక వాసన రావాలన్న మాటను మా అమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఎనభైల్లో మా ఊళ్లో కాస్త కలిగిన ఇళ్లన్నీ గులాబీరంగు సబ్బులకు మారిపోయి, బడిపిల్లలు సైతం పూలకొట్లో నిద్రలేచినట్టు ఘుమఘుమలాడుతుంటే, మా ఇంట్లో మాత్రం చర్చి స్త్రీల సమాజంలో నేర్చుకున్న పద్ధతిలో అమ్మ వండిన సబ్బే. (వండిన సబ్బే. కూర మాడినా ఊరుకునేది గానీ, సబ్బు విరిగితే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.) పత్తిగింజల నూనె, కాస్టిక్ సోడా, మట్టికుండ, తిప్పడానికో వేపకర్ర, అంతే. "వాసన కావాలంటే మల్లెచెట్టు దగ్గరికి పో. సబ్బు పని మురికి వదిలించటం" అనేది. అలాగని దానికి వాసన లేదనుకోకండి. నానబెట్టి గేదెలకు రుబ్బిపెట్టే పత్తిగింజల వాసన, దాని వెనకే పచ్చిపాల వాసన. అమ్మ చీరకొంగూ, నాన్న చొక్కాలూ, మా దుప్పట్లూ అన్నీ అదే వాసన. ట్రైనింగు కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి "మీకు గానుగుందా?" అని అమాయకంగా అడిగితే సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఏడు మిరపకాయలు కళ్లంలో ఎండుతుండగా అమ్మ జ్వరంతో పోయింది. నేను హాస్టలు నుంచి వచ్చేసరికే నన్ను గుర్తుపట్టే స్థితిలో లేదు. నాన్న ఏడవలేదు. ఏడ్చేవాళ్లకు మంచినీళ్లు అందించాడు. ఆ తర్వాత మాటే మానేశాడు. తినమంటే తినేవాడు, లెమ్మంటే లేచేవాడు. "ఆయన్ని ఏడిపించండమ్మా, లేకపోతే మనిషి దక్కడు" అని ఊళ్లో అందరూ చెప్పేవాళ్లు. అమ్మ వెనకే నాన్న కూడా పోతాడేమోనని రోజూ ఆయన ఊపిరి కనిపెట్టుకుని కూర్చునేదాన్ని.

ఏడిపించే బాధ్యత నాన్నకు అక్క అయిన మా పెద్దత్త తీసుకుంది. చీరాల నుంచి పెట్టెతో సహా దిగి, రోజూ పొద్దున్నే నాన్న ఎదురుగా చతికిలబడి రాగం తీసేది. నాన్న లేచి గేదెకు మేత వేయడానికి పోయేవాడు. వారం తిరక్కుండా ఆవిడ గొంతు పోయింది గానీ, ఆయన కంట తడి రాలేదు. ఆ కోపం అమ్మ సబ్బుల మీదికి మళ్లింది. ఒకరోజు చూద్దును కదా, ఆ సబ్బుతో గేదెను తోమిస్తోంది! నేను గొడవపడితే, "అది తినే గింజల్తో చేసిందేగా, దాన్ని కడిగితే తప్పేంటే?" అంది. అప్పటికి మిగిలింది ఒక్క ముక్క. తుమ్ములకు భయపడి పెద్దత్త మిరపకాయల బస్తాల ఛాయలకు రాదు కనుక, దాన్ని తీసుకెళ్లి ఒక బస్తాలో దూర్చేశాను.

జ్ఞాపకార్థ కూడిక రోజున పాస్టరుగారు మార్టూరు నుంచి క్వారీల దారిన సైకిలు మీద, ఒళ్లంతా తెల్లటి రాతిదుమ్ముతో వచ్చారు. "కాస్త ముఖం కడుక్కుంటానమ్మా" అన్నారు. ఆయన కోసమే పెద్దత్త కొన్న గులాబీరంగు సబ్బును బోరింగు గట్టు మీద పెడితే, అందరూ చూస్తుండగానే కాకి ఎత్తుకుపోయింది. పెద్దత్త గొంతు లేకపోయినా కాకికి శాపనార్థాలు పెడుతుంటే, నాన్న నెమ్మదిగా బస్తాల కొట్లోకి వెళ్లి, అమ్మ సబ్బు తెచ్చి, పంచెతో తుడిచి పాస్టరుగారి చేతిలో పెట్టాడు. "బస్తాలో ఉందిగా" అన్నాడు నాతో. నేను నోరు తెరిచేలోపే పాస్టరుగారు కళ్లదాకా నురగ పట్టించేశారు.

పెద్దమనిషి, పైకి అనలేరు. ఎర్రబడ్డ కళ్లతోనే ప్రార్థనకు నిలబడ్డారు. అమ్మ పేరెత్తగానే కళ్లు ధారలు కట్టాయి. ముక్కు ఎగబీల్చారు. గొంతు పూడుకుపోయింది. వెంటనే ముందువరస ఆడవాళ్లు ఘొల్లుమన్నారు, వెనకవరస అందుకుంది. అమ్మను ఎరగని వంటమనిషి కూడా గరిటె వదిలేసి ఏడ్చింది. "ఎంత భారంగల ప్రార్థనండీ!" అని పెద్దత్త బొంగురుగా మెచ్చుకుంటే, ఆయన "ఏదోనమ్మా, దేవుడి కృప" అంటూ మళ్లీ బోరింగు దగ్గరికి పరుగెత్తారు. అంతమందిలో ఏడవనిది నాన్న ఒక్కడే.

భోజనాలయ్యాక చూస్తే నాన్న బోరింగు దగ్గర గొంతుక్కూర్చుని ముఖానికి ఆ సబ్బే రుద్దుకుంటున్నాడు. "నాన్నా, అది కారం సబ్బు!" అంటూ పరుగెత్తాను. "తెలుసులేమ్మా. ఘాటుకి కళ్లు మండుతున్నయ్యి, అంతే" అన్నాడు. బస్తాల్లో మిరపకాయలు కాళ్లతో తొక్కుతూ ఒక్క తుమ్మైనా తుమ్మని మనిషి! ముఖం కడుక్కుని, సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ రుద్దుకున్నాడు. భుజాలు అదరడం మొదలైంది. పెద్దత్త వస్తుంటే వద్దని చెయ్యి అడ్డంపెట్టాను. ఆయన గొంతు ఎవరికీ వినపడకూడదని, బక్కెట్టు నిండి పొర్లుతున్నా బోరింగు కొడుతూనే ఉన్నాను. ఆ రాత్రి నాన్న అడిగి మరీ మజ్జిగన్నం తిన్నాడు.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఇప్పుడు నా వయసు అమ్మ బతికిన వయసు దాటిపోయింది. రిటైరై తోచక, మొన్న వేసవిలో పత్తిగింజల నూనె తెప్పించి నేనూ సబ్బు వండాను. మూడుసార్లు విరిగి, నాలుగోసారి కుదిరింది. ముక్క కోసి వాసన చూస్తే అదేననిపించింది, కాదేమోననీ అనిపించింది. ఒకసారి చూసి చెప్పమందామంటే, ఆ వాసన తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, సబ్బును ముక్కుకు ఆనించుకుని, ఎంతసేపు అలా కూర్చున్నానో. చివరికి అదేనని నాకు నేనే సర్దిచెప్పుకుని, నవ్వుకుని, ముఖం కడుక్కోవడానికి లేచాను.