చరణం ముగియకూడదు

నేను ఆదోనిలో పుట్టినదాన్ని. పాటంటే భజనలో కూర్చుని చప్పట్లు కొట్టడమే అనుకునేదాన్ని. పంతొమ్మిదివందల యాభైల్లో ఆలూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చిన మొదటి ఎండాకాలం, మా బావిని లోతు చేస్తుంటే, పాట ఎందుకో తెలిసింది.

మా ఆయన అడుగున రాళ్లు కొట్టి గంపకెత్తేవాడు. ఎద్దులు మోకు లాగితే గంప పైకి వచ్చేది. పైనుంచి కేకలేస్తే లోపల మాటలన్నీ కలిసిపోయేవి, పాట వరస మాత్రం తెలిసేది. అందుకని చరణం వినబడితే బరువు లేస్తోందని ఆయన బావి గోడలో తొలిచిన గూట్లోకి దూరేవాడు. పల్లవి వినబడితే రాళ్లు దించేశాం, ఖాళీ గంప వస్తోందని బయటికి వచ్చేవాడు. అనుపల్లవి నింపుకునేటప్పటిది.

రోజూ పాడే అత్తకు ఒకరోజు గొంతు పట్టేయడంతో పాట నా మీద పడింది. నాకేమో ఆయన మీద ఒళ్లు మంట. నా చీర కోసమని ఎమ్మిగనూరు పోయి మోకు కొనుక్కొచ్చిన మనిషి! వారంగా మా ఇద్దరికీ మాటల్లేవు. ముఖం మాడ్చుకునే పాడాను.

గంప సగం దూరం వచ్చాక మోకు గిలక మీంచి జారి పక్కన ఇరుక్కుంది. అత్త ఎద్దుల్ని పట్టుకుంది. మామ గడ్డపార తీసుకుని గిలక దగ్గరికి ఉరికాడు. బావిలో మా ఆయనకు పైన రాళ్ల గంప ఊగుతోంది. నా చరణం చివరి మాటకొచ్చింది. చరణం అయితే నోరు దానంతటదే పల్లవికి పోతుంది, ఆయన బయటికొస్తాడు. ఊరకుంటే ఏమైందో చూడ్డానికి వస్తాడు.

"పల్లవి ఎత్తుకోవద్దు పాపా! సరణమే పాడుతా ఉండు!" మామ అరిచాడు.

ఇంక చరణం యాడుంది? ఉన్నదల్లా కడుపులోని కోపం. అదే వరసలో దాన్నే పాడాను. చీరన్నావు మోకు తెచ్చావు, దాన్నే చుట్టుకోమంటావా అన్నాను. నా రొట్టె మాడిందన్నావు, మీ అమ్మది మాడదా అన్నాను. మా కాపురం గుట్టంతా అత్త చెవిన పడింది. తిట్లు అయిపోవస్తుంటే భయం పట్టుకుంది. నాకు తిట్టడానికి ఆ మనిషి కావాలి. ఆ పాడు మోకునే చూస్తూ, తెగకే తల్లీ అని లోలోపల మొక్కుకున్నాను.

మోకు మళ్లీ గిలకలో పడింది. ఎద్దులు కదిలాయి. గంప పైకొచ్చింది, రాళ్లు దించేశారు.

ఇప్పుడు పల్లవి పాడాలి. నోరు తెరిస్తే ఒక్క మాటా రాలేదు. ఇందాక నోటిదాకా తోసుకొచ్చిన పల్లవి! అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు అడుగునుంచి ఆయన గొంతు లేచింది.

"ఏమ్మే, పల్లవి పాడు. నువ్వు పాడందే నేను రాను."

ఏడుస్తూ పాడాను. వరస తప్పింది. అయినా ఆయన బయటికి వచ్చాడు.