అతని పేరు జబ్బార్, వైరస్ కాదు

మీరు అబద్ధాలకోర్లు. ఆ ఆఫీసులో నాతో పనిచేసిన ప్రతి ఒక్కరూ. నేను కూడా.

నిన్న మధ్యాహ్నం మీలోనే ఒకరు ఫోన్ చేశారు. "అన్నా, మన వైరస్ పోయిండే. కల్హేర్ రోడ్డు మీద ఆటో నడుపుకుంటనే గుండె ఆగింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది."



చచ్చిపోయిన మనిషిని కూడా పేరు పెట్టి చెప్పలేరా?

అతని పేరు జబ్బార్. నారాయణఖేడ్‌లో మన ఆఫీసు కాంట్రాక్ట్ కంప్యూటర్ ఆపరేటర్.

మరిచిపోయినట్టు నటించేవాళ్లకు గుర్తు చేస్తాను. బదిలీల సీజన్‌లో "ట్రాన్స్‌ఫర్ లిస్ట్" అని మెయిల్ వచ్చింది. ఆశకొద్దీ అందరం తెరిచాం. కంప్యూటర్లన్నీ పాడయ్యాయి. పింఛన్ల ఫైళ్లు పోయాయి.

"ఆ జబ్బారే పెన్‌డ్రైవ్‌ల పాటలు తెచ్చి అంటించిండు" అన్నాడు పెద్దసారు.

మనం తలలూపాం.

జబ్బార్ ఊరుకోలేదు. ఇన్‌వర్డ్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాడు. మన ఆనవాయితీ తెలుసుగా, ఏ మెయిల్ వచ్చినా ప్రింట్ తీసి, నంబర్ వేసి ఫైల్లో పెట్టాల్సిందే. వైరస్‌నీ అలాగే పెట్టాం! పేజీ నిండా పిచ్చి గుర్తులు, పైన ఇన్‌వర్డ్ నంబర్. అంత తెలివైనవాళ్లం.

అందరికంటే ముందు నంబరున్న కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"అన్నా, గిదే మొదటిది. మీ అందరియి దీని తర్వాతనే. గీ పచ్చ సంతకం ఎవరిదో నువ్వే సూడు."

పెద్దసారుది. పక్కన "చూశాను" అని కూడా రాశాడు. అంటే ముందు తెరిచింది ఆయనే, ఆయన దగ్గర్నుంచే మనందరికీ పాకింది.

"ఆగు, నేను మాట్లాడతా" అన్నాను. మాట్లాడలేదు. నాకు సంగారెడ్డి బదిలీ కావాలి మరి.

జబ్బార్‌ను తీసేశారు. "వైరస్" అన్న పేరు అంటుకుని, బతకడానికి ఆటో పట్టాడు. పెద్దసారు శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు.

జబ్బార్ ఆటో ఎక్కబోతూ మీరు వెనకాడితే, "ఎక్కుండ్రి సార్, అంటుకోదు తీయుండ్రి" అని నవ్వేవాడు. మీరూ నవ్వేవారు. నన్ను దించేటప్పుడు మాత్రం ఒకటే అడిగేవాడు:

"ఎప్పుడు మాట్లాడ్తవే అన్నా?"

ఆ కాగితం ఇన్నేళ్లూ నా బీరువాలోనే ఉంది. దాని ఫోటో ఈ పోస్టు కింద పెట్టాను.

"పోయినోడు పోయిండు, ఇప్పుడెందుకే" అని కామెంట్ రాయబోయేవాళ్లకు ఒక మాట. అతని కూతుర్ని బడిలో ఇవాళ్టికీ "వైరస్ బిడ్డ" అంటున్నారు.

జబ్బార్, ఆ పేరుతో ఎవరూ పిలవని చోట నెమ్మదిగా పడుకో తమ్మీ.

ఇగ మీరు చేయాల్సినవి:

1. ఫైల్లో అతని మీద రాసిన "వైరస్‌కు బాధ్యుడు" అన్న మాట కొట్టేయాలి.
2. కొట్టేసినట్టు అతని భార్యకు కాగితం రాసివ్వాలి.
3. ఈ ఫోటో నోటీసు బోర్డుకెక్కాలి. దాచినవాడిగా నా పేరుతో సహా.
4. ఇవాళ వాళ్లింటికి వెళ్లేవాళ్లు, ఆ పిల్ల ముందు, అతన్ని జబ్బార్ అనాలి.