ఒకటో మెషీన్

భయపడటంలో నాకు పేరుంది. తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటాలన్నా ఎవరో ఒకరు దాటేదాకా ఆగి, వాళ్ల వెనకే నడుస్తాను. అలాంటి నేను పీహెచ్‌డీకి ఎంచుకున్నది కరెంటు సరఫరా కుప్పకూలకుండా ఆపే పని.

ఎక్కడెక్కడో ఉన్న జనరేటర్లన్నీ ఒకే వేగంతో తిరగాలి. ఏదో ఒక లైను తెగితే అవి ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఊగడం మొదలుపెడతాయి. ఊపు ఆగకపోతే ఊళ్లకు ఊళ్లే చీకటి. అందుకే ప్రతి మెషీన్‌కూ సొంత కంట్రోలర్ పెడతాం. అది తన మెషీన్ వేగాన్ని మాత్రమే చూసి, ఎవరినీ అడగకుండా ఊపును అణచాలి. అడుగుదామంటే ఆ సమయానికి కబురు అందకపోవచ్చు. లైను ఎక్కడ తెగినా నా కంట్రోలర్లు సరఫరాను నిలబెడతాయని థీసిస్‌లో రాశాను.

సమర్పించడానికి పది రోజులుందనగా, క్యాంపస్‌లో మా ల్యాబులో కూర్చుని ప్రోగ్రామును చివరిసారి చదువుతూ ఒక వరుస దగ్గర ఆగిపోయాను. మూడో మెషీన్ వేగంలోంచి ఒకటో మెషీన్ వేగాన్ని తీసేసి, మిగిలింది కంట్రోలర్‌కు ఇస్తున్నాం. లెక్క సులువు కావడానికి అందరూ ఒకటో మెషీన్‌నే ఆధారంగా పెట్టుకుంటారు. కాగితం మీద అది చెల్లుతుంది. కానీ మూడో దాని దగ్గరున్న కంట్రోలర్‌కు ఎంతో దూరంలోని ఒకటో దాని వేగం ఎలా తెలుస్తుంది? ఎవరినీ అడగదని నేను గొప్పలు చెప్పిన కంట్రోలర్ నాలుగేళ్లుగా పక్కవాడి పేపర్లో చూసి రాస్తోంది.

ఆ తీసివేత తొలగించి, సొంత వేగమే ఇచ్చి ప్రోగ్రామును నడిపాను. తెర మీద ఊపును చూపే గీత తగ్గుతూ పోవాల్సింది, పెరుగుతూ పోయింది.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. ఆ ప్రోగ్రాము నేను రాసింది కాదు. మా గైడు తన పీహెచ్‌డీ కోసం రాసుకున్నది. ఆయన థీసిస్‌లోనూ ఇదే మాట, ఇదే గీత. నాది తప్పంటే ఆయనదీ తప్పే. చెబితే ఆయన నా థీసిస్ మీద సంతకం పెట్టకపోవచ్చు. చెప్పకపోతే వైవాలో ఎవరైనా అడగవచ్చు. ఎవరూ అడగకపోతే అది ఇంకా ఘోరం, ఎవరో నమ్మి వాడుకోవచ్చు.

మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే మా ఆయన, నేను డాక్టరమ్మనవుతానని అప్పటికే దోస్తులకు దావత్ ఒప్పుకున్నాడు. నేను అన్నం కెలుకుతూ కూర్చుంటే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాడు.

"ప్రోగ్రాముల ఒక్క లైనే గదా, ఎవ్వరికి కనవడ్తది?" అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, "మా తాన అయితే డౌటున్న బోగీని బయటికి ఇడువం" అన్నాడు.

ఆ మాటతో నాకు ధైర్యమేమీ రాలేదు. ఇక తప్పించుకోలేనని మాత్రం అర్థమైంది.

మర్నాడు పదకొండుకు గైడు గదికి వెళ్లాను.

"ఏందమ్మా, గట్ల వణుకుతున్నవ్? జరమొచ్చిందా?" అన్నారు.

"కాదు సార్. ఒకటో మెషీన్..." అంటూ ప్రోగ్రాము కాగితం ముందుపెట్టి ఆ వరుస మీద వేలు ఉంచాను.

అరుస్తారనుకున్నాను. ఆయన అద్దాలు తీసి, కాగితాన్ని బోర్లించి, బయట ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశారు.

"నేను జూసిన," అన్నారు మెల్లగా. "నా థీసిస్ సబ్మిట్ చేసిన నెలకు జూసిన. ఎవరన్న అడుగుతరేమో అని గిన్నేండ్లు భయపడ్డ. ఒక్కలు గూడ అడగలే."

ఇన్నాళ్లూ నేను భయపడిన మనిషి నాకంటే ఎక్కువ భయంలో బతుకుతున్నారు. అది నాకు ఊరట కాలేదు. ఇంకా హడలిపోయాను. ఇరవై ఏళ్ల తర్వాత నేను ఎలా ఉంటానో ఎదురుగా కుర్చీలో కనబడింది.

"తప్పు ఏడున్నదో థీసిస్ల రాస్తవా?" అని అడిగారు.

"రాస్త సార్. మిగిలిన వారం రోజుల్ల గాదు. మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె."

"ఎవరి ప్రోగ్రామో గూడ రాయి," అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.