కాపలాదారుకు పప్పు

ఆ మంగళవారం రేణుకమ్మ పొద్దున్నే గోంగూర పప్పు వండిపెట్టి, ఎండుచేపల గంపతో పానగల్ అంగడికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేది ఆమె తమ్ముడు శ్రీశైలం. చెరువు అవతలి ఊరి నుంచి కాపలాకు వచ్చినవాడు.

ఆ కాపలా ఏర్పాటు ఆమెదే. చెరువులో జెల్లలు, పరకల వంటి చేపలు కనబడడం మానేశాయి. కొత్తనీటికి గుడ్లతో ఎదురెక్కే చేపల్ని రెండు ఊళ్లవాళ్లూ పట్టేస్తున్నారు. ఆషాఢం నుంచి వినాయక చవితి దాకా వలలు ఆపుదామంటే అందరూ సరేనన్నారు. కానీ ఎదుటి ఊరివాళ్లే ఆపరని ఎవరికి వారే అన్నారు. చేపల వ్యాపారి చోటే మియా మాత్రం శ్రావణంలో ఎలాగూ బేరాలుండవని వెంటనే ఒప్పుకున్నాడు. అవతలిది పుట్టిల్లు, ఇవతలిది అత్తిల్లు కాబట్టి రేణుకమ్మ రెండు చోట్లా ఒకే మాట చెప్పింది.

“మీ ఒడ్డుకు వాళ్లు కావలుంటరు, వాళ్ల ఒడ్డుకు మీరుండుండ్రి. వచ్చినోళ్లకు బువ్వ ఆ ఊరోళ్లే పెట్టాలె.”

ఎవరి వల తడిసినా అది దసరా దాకా ఎదుటి ఊళ్లో ఉండాలన్నది షరతు. నెలన్నర సాఫీగానే సాగింది, కాపలాదారులకు పప్పు మొహం మొత్తడం తప్ప.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి పప్పు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. వాకిట్లో పిల్లి ముళ్లు ఏరుకుంటోంది. బామ్మర్దికి పప్పు వడ్డించడం నామోషీ అనిపించి, ఆమె భర్త కుర్మయ్య మధ్యాహ్నమే తూము దగ్గర ఒక్కసారి వల విసిరాడు.

“పప్పు పెడితే మీ ఊర్ల నా ఇజ్జత్ ఏముంటదే?” అన్నాడు.

మంచం మీద పళ్లు కుట్టుకుంటున్న శ్రీశైలం, ఈ సంగతి ఊళ్లో చెప్పక తప్పదన్నాడు.

“పులుసు తిన్నంక యాదికొచ్చిందారా?” అంది రేణుకమ్మ.

“తినకుంటె ఎండుదో పచ్చిదో ఎట్ల తెలుస్తదక్కా?”

ఒక్క చేపకు వల గుంజుకోవడమెందుకని పెద్దమనుషులు నసిగారు. ఆడబిడ్డ ఇల్లు, వదిలేద్దామన్నారు పుట్టింటివాళ్లు.

“ఇయ్యాల నా ఇల్లు ఇడిస్తే రేపు ఎవరింటికి పోయి అడుగుతరు?” అంది ఆమె.

మర్నాడు వల నెత్తిన పెట్టుకుని, కట్ట మీదుగా నడిచి వెళ్లి అప్పజెప్పింది. కుర్మయ్య ఆమె వెంట వెళ్లలేదు.

వినాయక చవితి మర్నాడు మిగతా వలలన్నీ నీళ్లలో దిగుతాయి. ఆ రోజు ఇంట్లో వల లేక రేణుకమ్మ తమ్ముడి దగ్గరే చేపలు కొని అంగడికి వెళ్లాలి. ధర తగ్గించనని శ్రీశైలం ముందే చెప్పాడు.