కడ్డీ మీది గీతలు

నా కోత మిషన్‌కు గైడ్ విరిగింది. గైడంటే రంపం పక్కన నిలబడే ఇనప పట్టీ. చెక్కను దానికి ఆనించి తోస్తే కోత వంకర పోదు. అది లేక నాంపల్లిలోని నా కొట్టు వారం రోజులు సగం పనితోనే నడిచింది. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. పాతది దొరికితే బేరమాడే ఓపిక మాత్రం బోలెడుంది.

హార్డ్‌వేర్ దుకాణంలో చెప్పగా ఆబిడ్స్‌లో ఒకావిడ ఇంటికి వెళ్లాను. ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. బండి పెట్టే చోటు దొరక్క సందులన్నీ తిరిగాను. ఆవిడ భర్త వడ్రంగి, పోయి ఏడాది దాటింది. మిషన్ అప్పుడే అమ్మేశారట. కొన్నవాడికి సొంత గైడ్ ఉందని దీన్ని వదిలేశాడు. గైడ్, అది జరిగే పొడవాటి కడ్డీ, రెండూ మంచం కింద ఉన్నాయి.

కడ్డీ మీద అక్కడక్కడ ఆకురాయితో గీసిన గీతలున్నాయి. చూడగానే నా నోరు ఊరుకోలేదు.

“గీతలు పడ్డయి కదమ్మా, జర తగ్గించుండ్రి.”

ఆవిడ ఏదో అనబోయి మానుకుంది.

“సరే తీ. గని ఒక్క మాట బిడ్డా. దసరాకు ఆయన పనిముట్లన్నిటికి నేనే బొట్టు పెడ్తుంటి. పండుగనాడొచ్చి గీ గైడ్‌కు పెట్టిపోత. వద్దనకు.”

“అయ్యో, రాండ్రమ్మా. మీదే అనుకోండ్రి.”

ఆ మాట మనసులోంచే అన్నాను. అందుకే ఆ తర్వాత నేను చేసింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొట్టుకు తెచ్చి బిగిస్తే నా మిషన్‌కు సరిగ్గా సరిపోయింది. దసరా దగ్గర పడింది. మా పనివాళ్లలో పండుగకు ముందు పనిముట్లు మెరిసిపోవాలి. తుప్పు మీద బొట్టు పెడితే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. పైగా ఈసారి ఆవిడ వస్తుంది. గ్రైండర్ పట్టుకుని కడ్డీని ఈ చివర నుంచి ఆ చివరి దాకా అరగదీశాను. గీతలున్న చోట మరీ ఆగి ఆగి తీశాను. ఏ పనీ సగంలో వదలనని నాకో పొగరు.

పండుగనాడు పొద్దున్నే ఆవిడ వచ్చింది. పసుపు, కుంకుమ, కాసిని బంతిపూలు తెచ్చుకుంది. కడ్డీ మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరుపుకుంటూ పోయింది. చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది.

“గీతలేవి బిడ్డా?”

“అన్ని తీసేసిన. కొత్తదాని లెక్క చేసిన, చూడుండ్రి.”

మెచ్చుకుంటుందని ఆవిడ ముఖంలోకి చూశాను కూడా.

“ఆయనకు రాసుడు రాదు,” అంది. “ఏ కొలత యాదికుండాలన్నా గాడ గీత పెట్టేటోడు. ఆయన చేత్తోని పెట్టిన గుర్తులు నా దగ్గర ఇంకేం లెవ్వు. అమ్మినా ఏడాదికోసారి చూసుకోవచ్చనుకున్న.”

నేను ధర తగ్గించమన్నది ఆ గీతల్ని చూపించే. గబగబా ఆకురాయి తీశాను.

“ఏడేడ ఉండెనో చెప్పుండ్రి, మళ్ల గీస్త.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “వద్దు బిడ్డా. నువ్వు గీస్తే నీవైతయి.”

తర్వాత కుంకుమ తడిపి, గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో చోట ఒక్కో బొట్టు పెట్టింది.

“గీడ నా కుట్టుమిషన్ బల్ల. గీడ మా బిడ్డ పుస్తకాల అర. గీడ దేవుని పీట.” ఇంకో బొట్టు పెట్టింది. “గిది ఏందో నేనెన్నడడగలే.”

పూలు పెట్టి, దండం పెట్టుకుంది. చాయ్ తాగమంటే తాగకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దంతా ఆ మిషన్ జోలికి పోలేదు. కానీ ఒప్పుకున్న తలుపుల పని అలాగే ఉంది. సాయంత్రానికి గైడ్ జరపక తప్పలేదు. అది జరిగినంత మేరా కడ్డీ మీద కుంకుమ చారలు పడ్డాయి. ఆయన గీతల్ని రెండుసార్లు చెరిపింది నేనే.