ఉస్తాద్ గొంగడి మడత

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. లారీ మొరాయిస్తే దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టే డ్రైవర్లను చూసి నవ్వేవాణ్ణి. బండి లేవలేదంటే పెట్రోలు అందకపోవాలి, నిప్పురవ్వ పుట్టకపోవాలి, లేదా ఏదో విరిగి ఉండాలి. ఇంకో కారణం ఉండదని నాకు పని నేర్పిన ఖాజా ఉస్తాద్ చెప్పేవాడు. ఇప్పటికీ నేను అదే అంటాను.

నేను చదివింది మూడో తరగతి. ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు. కల్పించడం రాదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. నాగర్‌కర్నూల్‌లో మా సావుకారికి ఒక పాత లారీ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పల్లికాయ బస్తాలను వనపర్తి రోడ్డు స్టేషన్‌కు చేరవేసేది. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితేనే ఇంజను లేచేది. ఖాజా ఉస్తాద్ డ్రైవరు, నేను క్లీనరును.

ఆ ఏడు వానాకాలంలో ఉస్తాద్ జ్వరంతో పోయాడు. దవాఖానలో నా చెయ్యి పట్టుకుని, "బండిని ఇడ్వకు బాలయ్యా, మీ చాచీని ఇడ్వకు" అన్నాడు. ఆయన భార్యను నేను చాచీ అని పిలిచేవాణ్ణి. పిల్లలు లేరు. లారీ నిలిపే దొడ్లోనే ఒక గదిలో ఉండేది. లారీ ఉన్నన్నాళ్ళు ఆ గది ఆమెదేనని సావుకారి చెప్పాడు. లారీ పోతే దొడ్డి కిరాయికి ఇస్తాడని అందరికీ తెలుసు.

నేనే డ్రైవరునయ్యాను. చలి ముదిరాక కష్టం మొదలైంది.

మధ్యాహ్నం ఒక్క తిప్పుకు లేచే ఇంజను పొద్దున ఎంత తిప్పినా లేచేది కాదు. ఎండ బాగా ఎక్కాక తిప్పితే మామూలుగా లేచేది. కాని యుద్ధం వల్ల స్టేషన్‌లో సరుకు వ్యాగన్ దొరకడమే కష్టం. ఆలస్యంగా పోతే మన వ్యాగన్‌లో వేరేవాళ్ళ బస్తాలు ఎక్కేవి.

చలికాలంలో ఉస్తాద్ చేసినవన్నీ నేను చేశాను. సాయంత్రం ఇంజను నూనె డబ్బాలోకి దించి, తెల్లవారుజామున పొయ్యి మీద వెచ్చ చేసి మళ్ళీ పోశాను. రాత్రంతా బానెట్ మీద ఆయన నల్ల గొంగడి కప్పాను. చాచీ కాచిన వేడినీళ్ళు తెచ్చి ముందున్న నీళ్ళ టాంకీలో పోశాను. వేడి నిలవాలని మళ్ళీ గొంగడి కప్పి హ్యాండిల్ కొట్టాను. ఫలితం లేదు.

అయినా వదలదలచుకోలేదు. పెట్రోలు గొట్టం విప్పితే ధార బాగానే వచ్చింది. ప్లగ్గులు తీసి నిప్పుల మీద ఆరబెట్టి బిగించాను. అప్పుడూ లేవలేదు. ఒక ప్లగ్గును ఇనుముకు ఆనించి బస్తాలెత్తే హమాలీ చేత హ్యాండిల్ తిప్పించి చూస్తే నిప్పురవ్వ లేదు. రవ్వ పుట్టించేది మ్యాగ్నెటో అనే డబ్బా. అది ఇంజను పక్కన ఇరుకులో ఉంటుంది. దాని మూత విప్పేసరికి ఎండ ఎక్కేది. లోపల పొడిగా, శుభ్రంగా కనిపించేది. బిగించి తిప్పితే ఇంజను లేచేది. తప్పు ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు.

ఈ గొడవలో ఇంకొకటి జరుగుతూ వచ్చింది. మొదట్లో పట్టించుకోలేదు.

వేడినీళ్ళ కోసం నేను దొడ్లోనే గది వెనకున్న చాచీ పొయ్యి దగ్గరకు పోయి వచ్చేసరికి గొంగడి బానెట్ మీద ఉండేది కాదు. మడతపెట్టి డ్రైవరు సీటు మీద ఉండేది. చాచీ పనే అనుకుని అడిగాను.

"నేనెందుకు తీస్త బేటా? నీ ముంగలనే పొయ్యి కాడ కూసున్న గద!" అంది.

నిజమే. అయితే హమాలీల చిలిపి పని అనుకున్నాను. మర్నాడు దొడ్డి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి నీళ్ళకు పోయాను. వచ్చేసరికి గడియ పెట్టినట్టే ఉంది. గొంగడి సీటు మీద ఉంది. నాకు భయం కాదు, కోపం వచ్చింది. తీసి మళ్ళీ కప్పాను. ఇంజను లేవలేదు.

ఆ రోజే సావుకారి వచ్చాడు. గొంగడి కప్పుకున్న లారీని చూసి నవ్వాడు.

"ఏందిరా బాలిగా, బండికి చలిజరమా? శొంఠి కషాయం గూడ తాపరాదు?"

"జర ఓపిక పట్టుండ్రి సేటూ. ఏడ నుక్సాన్ ఉన్నదో దొరకవడ్త."

"ఎన్నొద్దులు దొరకవడ్తవ్? రేపు వ్యాగన్ ఒస్తది. గా పాత ఇనుము కొనేటాయన గూడ ఒస్తుండు. పొద్దు పొడిశేలోపల బండి లేస్తే స్టేషన్‌కు పోతది, లేకుంటే ఆయనెంబడి పోతది. ఇగ నన్ను అడగకు."

చాచీ గది గుమ్మంలోంచి అంతా విన్నది. ఆ సాయంత్రం ఆమె గిన్నెలు సర్దుకోవడం చూశాను. చూసి, ఎట్లైనా లేపాలని ఇంకా గట్టిగా అనుకున్నాను.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచాను. బస్తాలు కట్టే తాడుతో గొంగడిని బానెట్‌కు చుట్టి, ముడి మీద ముడి వేశాను. దొడ్డి తలుపు గడియ పెట్టాను. నీళ్ళు కాగాక చాచీ ఒక కుండ, నేను ఒక కుండ ఎత్తుకుని వచ్చాము.

తాడు నేల మీద చుట్టగా చుట్టి ఉంది. ఒక్క ముడి కూడా లేదు. గొంగడి సీటు మీద మడతలో ఉంది.

చాచీ కుండ దించి దగ్గరకు పోయింది. గొంగడిని చేత్తో తడిమింది.

"ఇది మీ ఉస్తాద్ మడత బాలయ్యా. నమాజు అయినంక గిట్లనే మడుస్తుండె. గీ మూల లోపలికి దోపుడు నాకే రాలె ఇన్నేండ్లల్ల."

గొంగడిని ఒడిలో పెట్టుకుని అక్కడే కింద కూర్చుంది. బయట సావుకారి తలుపు తడుతున్నాడు. పోయి గడియ తీశాను. ఇనుము కొనేవాడు లోపలికి వచ్చి, అడగకుండానే లారీ చుట్టూ తిరిగి చక్రాలు తట్టి చూస్తున్నాడు. నేను గొంగడి కోసం చెయ్యి చాపాను. చాచీ ఇవ్వలేదు. ఆమె చేతుల్లోంచి గుంజుకునే మనసు రాలేదు.

కప్పకుండానే నీళ్ళు పోశాను. టాంకీ అతుకుల్లోంచి ఆవిరి లేచి చలిగాలిలో పైకి పోయింది. హ్యాండిల్ పట్టి తిప్పాను. లేవలేదు. పళ్ళు బిగించి ఇంకోసారి తిప్పాను. ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. దొడ్డంతా పొగ.

"పొగ నా మొకం మీదికి ఎందుకురా! పో, పో, వ్యాగన్ పోతది!" అని సావుకారి అరిచాడు. ఇనుమాయన వైపు మళ్ళీ చూడలేదు.

బస్తాలు ఆ రోజు వ్యాగన్ ఎక్కాయి. లారీ మిగిలింది. చాచీ గిన్నెలు మళ్ళీ పొయ్యి పక్కకు చేరాయి.

కారణం తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. తర్వాతి పొద్దున కావాలనే వేడినీళ్ళు పోసి పైన గోనెపట్టా కప్పాను. ఇంజను లేవలేదు. మ్యాగ్నెటో మరలు ముందే వదులు చేసి పెట్టుకున్నాను కాబట్టి వెంటనే మూత తీశాను. అన్నం గిన్నె మూతకు పట్టినట్టు లోపలంతా నీటి బొట్లు. అతుకుల్లోంచి వచ్చిన ఆవిరి గొంగడి కింద చిక్కుకుని, చల్లటి డబ్బాలోకి దూరి రవ్వను చంపుతున్నది. ఎండకు ఆరిపోయేది. అందుకే నాకు ఎప్పుడూ పొడిగా కనిపించింది. గుడ్డతో తుడిచి, పట్టా తీసేసి తిప్పితే లేచింది.

ఉస్తాద్ ఉన్నప్పుడు ఎందుకు లేచేదో కూడా అప్పుడే తట్టింది. తెల్లవారుజామున ఆయన ఆ గొంగడే బానెట్ మీద నుంచి తీసి, దొడ్లో పరిచి నమాజు చేసేవాడు. మడిచి సీటు మీద వేసుకునేవాడు. తర్వాతే నీళ్ళు పోసేవాడు. నమాజు కోసం తీశాడనుకున్నాను గాని అది ఇంజను పనిలో భాగమని నాకు తోచలేదు. ఉస్తాద్‌కైనా తెలుసో లేదో.

ఇంజను ఎందుకు లేవలేదో నేను చెప్పగలను. ఎవరైనా పాత బండితో చేసి చూసుకోవచ్చు. గడియ పెట్టిన దొడ్లో ఆ ముడులు ఎవరు విప్పారో మాత్రం చెప్పలేను. ఆ తర్వాత ఎన్నో పొద్దులు గొంగడి కప్పి వదిలి నీళ్ళకు పోయి చూశాను. వచ్చేసరికి కప్పింది కప్పినట్టే ఉండేది.

ఆ పైన నీళ్ళకు పోయే ముందు గొంగడి నేనే తీసి మడిచేవాణ్ణి. చాచీ పక్కన కూర్చుని తనకు వచ్చినంత ఎన్నోసార్లు చూపించింది. ఆ మూల లోపలికి దోపడం మాత్రం ఆమెలాగే నాకూ ఇప్పటికీ రాలేదు.