పొట్టు పొయ్యి కూలిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంటంతా పొట్టు పొయ్యి మీదే. వరంగల్‌లో కట్టెలు కొని వండుకోవడం మాలాంటి చిన్న కిరాణా దుకాణం వాళ్లకు బరువు. కలప డిపోలో రంపం కింద రాలిన పొట్టు మాత్రం బస్తాలకు బస్తాలు దొరికేది. పాత రేకు డబ్బాకు అడుగున పక్కగా రంధ్రం కొట్టించి, నడుమ ఒక సీసా నిలబెట్టి, కింది రంధ్రంలో గుండ్రటి కర్ర దూర్చి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరాలి. తర్వాత సీసానూ కర్రనూ మెల్లగా తిప్పుతూ తీస్తే లోపల గొట్టం లాంటి దారి మిగులుతుంది. కింద చిన్న పుల్ల వెలిగించి పెడితే చాలు, మంట ఆ దారిన పైకొచ్చి పూట వంట అయ్యేదాకా దానంతట అదే మండుతుంది.

ఆ పొట్టు కూరే పని నాది. అమ్మ కూరితే సీసా తీసేటప్పుడు అంచు రాలేది. నేను కూరితే రాలేది కాదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. నాకంటే పెద్ద పిల్లలు ఇంట్లో ఇద్దరున్నా బాపు పొద్దున్నే నన్నే లేపేవాడు. చదువులోనూ ఆటల్లోనూ నన్ను మెచ్చుకున్న వాళ్లు ఎవరూ లేరు. ఈ ఒక్క పనిలోనే నా పేరు నిలిచేది.

ఒక యేడు బతుకమ్మ పండక్కి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. ఆమెను ములుగు దిక్కు ఇచ్చారు. అక్కడంతా అడవి, కట్టెలకు కొదవ లేదు. పొయ్యిలో మంట తగ్గితే కట్టెను లోపలికి ఎగదోసి కెలకడం ఆమెకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. అమ్మ కొబ్బరి కూరి గరిజెలు, అదే కజ్జికాయలు, ఒత్తుతోంది. నువ్వు లేవకు, నేను కాలుస్తానని అత్తమ్మ జల్లిగంటె పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. మా నాయనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను గడప మీద కూర్చుని గరిజెలు ఎప్పుడు చల్లారుతాయా అని చూస్తున్నాను.

రెండు వాయిలు అయ్యాయి. మంట సన్నగా ఉందనుకుంది కాబోలు, అత్తమ్మ కింది రంధ్రంలోని పుల్లను లోపలికి నెట్టి అటూ ఇటూ ఆడించింది. అది నేను నా కళ్లతో చూశాను. లోపల పొట్టు జారి దారి మూసుకుపోయింది. ముందు మంట ఆరి, పసుపుపచ్చటి పొగ ఇల్లంతా కమ్మింది. ఆమె వంగి ఊదింది. అంతే, గుప్పున మంట లేచింది. ఉలిక్కిపడి వెనక్కి జరగబోతే ఆమె మోచెయ్యి మూకుడుకు తగిలి కాగిన నూనె పొయ్యిలో ఒలికింది. మంట ఒక్కసారిగా దూలం దాకా ఎగసింది. పైన తీగ మీద ఆరేసిన అమ్మ చీర కొసలు మాడటం మొదలైంది. అత్తమ్మ కేక వేసి బిందె ఎత్తింది.

"నీళ్లు పొయ్యకు! నూనె మీద నీళ్లు పొయ్యకు!" అంటూ నాయనమ్మ లోపలికి వచ్చింది. ఆమె అంత గట్టిగా అరవగా ఆ తర్వాత నేనెప్పుడూ వినలేదు. ఆమె చేతుల్లో గిన్నెలు తోమే బూడిద గంప ఉంది. నిండు గంపను పొయ్యి మీద బోర్లించింది. అమ్మ తీగ మీది చీర లాగి కాళ్ల కింద తొక్కింది. మంట ఎంత త్వరగా లేచిందో అంత త్వరగా అణిగిపోయింది. బూడిద ధూళిలో ఎవరి ముఖం ఎవరికీ కనబడలేదు.

అత్తమ్మ మణికట్టు మీద బొబ్బలొచ్చాయి. ఆమె చేతిని నీళ్లలో ముంచి కూర్చోబెట్టారు. జాలి అంతా అటే పోయింది. అందులో తప్పేమీ లేదు, కాలింది ఆమెకే. కానీ బాపు దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే అత్తమ్మ నావైపు చెయ్యి చూపింది.

"నీ బిడ్డ పొట్టు వదులుగ కూరింది తమ్మీ. పొయ్యి కూలిపాయె. పోరగాండ్లకు గిసొంటి పని చెప్తరా ఎవలన్న?"

నేను గట్టిగానే కూరానని అరిచాను. పెద్దమనిషికి ఎదురు చెబుతావా అని బాపు కసిరాడు. రేపటి నుంచి పొయ్యి దగ్గరికి రావద్దన్నాడు. అమ్మ అక్కడే ఉంది. అత్తమ్మ పుల్ల ఆడించడం ఆమె కూడా చూసింది. ఆడబిడ్డ పండక్కి వచ్చిన ఇంట్లో మరదలైన మనిషి నోరెత్తడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు. తెలిసినా ఆ మౌనాన్ని నేను మరిచిపోలేదు. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా బతుకమ్మను ఎత్తుకుని వెళ్లారు. నేను వెళ్లలేదు. అన్నమూ తినలేదు. బతిమాలడానికి ఎవరూ రాలేదు కూడా.

మర్నాడు పొద్దున నాయనమ్మే లేపింది. పొట్టు కూరమంది. బాపు ఏదో అనబోతే, నువ్వు పళ్లు తోముకో పో అంది. నేను ఎప్పటిలాగే కూరాను. సీసా తీశాక నాయనమ్మ బాపును పిలిచి, వేలు పెట్టి అదిమి చూడమంది. బాపు అదిమాడు. రాయిలా ఉంది. వేలికంటిన పొట్టు దులుపుకుని అక్కడే నిలబడ్డాడు. నాయనమ్మ పొయ్యి మీద స్నానాల నీళ్ల గిన్నె పెట్టి, కింద పుల్ల వెలిగించి, అత్తమ్మను పిలిచింది.

"బిడ్డా, జర మంట చూస్తవా? నేను పాలు తెస్త."

పాలకు పోలేదు. తలుపు పక్కనే నిలబడింది. అత్తమ్మ కాసేపు చూసింది. మంట సన్నగానే ఉంది. ఆమె మంచి చెయ్యి దానంతట అదే పోయి పుల్లను నెట్టి ఆడించింది. లోపల పొట్టు జారింది. మళ్లీ అదే పసుపుపచ్చటి పొగ. ఈసారి పైన నూనె లేదు, నీళ్లే. నాయనమ్మ వచ్చి అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి వెనక్కి జరిపింది.

"కట్టెల పొయ్యి అలవాటు, చేతులు ఊకుంటయా? దీన్ని మాత్రం కెలుకద్దు," అంది. గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. అత్తమ్మ తల దించుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది, పొగకేనేమో. బాపు ఒకసారి దగ్గి దుకాణానికి వెళ్లిపోయాడు. నన్ను మళ్లీ కూరమన్నారు. అంతే, పంచాయతీ ముగిసింది.

నాకు ముగియలేదు. మధ్యాహ్నం నాయనమ్మ పక్కన చేరి, అత్తమ్మ నాతో ఒక్క మాటైనా అనలేదని చెప్పాను.

"అందరు చూసిన్రు గద పిల్లా."

"చూసిన్రు. ఎవలూ చెప్పలె."

"అబ్బో, ఏం పట్టే నీది! నిన్ను చేసుకునేటోడు మొక్కుకోవాలె," అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపింది. తర్వాత నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"నీ తప్పు లేకుండె. నాకు నిన్ననే తెలుసు, పొట్టు గట్టిగున్నదని. నా బిడ్డాయె, చెయ్యి కాలె, నోరు రాలే నాకు. నిన్ను ఒక రాత్రి ఉపాసం ఉంచిన. అది నా తప్పు."

అంత పెద్ద మనిషి నాలాంటి దానితో అలా అంటుందని నేను అనుకోలేదు. ఏడుపు అప్పుడొచ్చింది. ముందు రోజు మంట చూసినప్పుడు కూడా రాలేదు.

అత్తమ్మ తర్వాత ఎన్నో పండగలకు వచ్చింది. నాతో ప్రేమగానే ఉంది. తప్పు తనదన్న ఆ మాట మాత్రం చనిపోయేదాకా అనలేదు. బాపూ అనలేదు, అమ్మా అనలేదు. లెక్క నా దగ్గర అలాగే ఉంది, కొట్టేయలేదు. వాళ్లంతా చెప్పని మాట చెప్పిన మనిషి నాయనమ్మ ఒక్కతే, ఆమె చేసింది అందరికంటే చిన్న తప్పు. ఇప్పుడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి. పాలు పొంగినా, పప్పు మాడినా కోడలి మీదో మనవరాలి మీదో నోరు పారేసుకుంటాను, నా స్వభావం అది. తర్వాత నాదే పొరపాటని తేలితే మాత్రం ఆ పిల్లను వెతుక్కుంటూ వెళతాను. ఎదురుగా కూర్చుంటాను. ఈ వయసులోనూ అది సులువు కాదు. అయినా ఆమె భోజనానికి కూర్చోకముందే, తప్పు నాదని నోరు తెరిచి చెప్పేస్తాను.